'సర్కిల్ ఆఫ్ ఐరన్' చూసినవాళ్లు ఏమంటారు, ఎందుకలా అంటారు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో పాత ఫైటింగ్ సినిమాలు వెతికి చూసేవాళ్లు, కరాటే, కుంగ్‌ఫూ క్లాసులు నడిపే మాస్టర్లు, షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు ఈ ఇంగ్లిష్ ఫైటింగ్ సినిమా గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులివి. ముగింపు ముందే తెలిసిపోకూడదనుకుంటే "క్లైమాక్స్‌లో ఫైట్ లేదేమిటి" అన్న ప్రశ్నను వదిలేసి ముందుకు వెళ్లండి.

కథేమిటి? రెండు ముక్కల్లో చెప్పండి.

జెతాన్ అనే అతని దగ్గర సమస్త జ్ఞానమూ ఉన్న పుస్తకం ఒకటుంది. దాన్ని చేరుకునే యోధుణ్ని ఎంచడానికి పోటీలు పెడతారు. కోర్డ్ అనే వస్తాదు అందరినీ కొడతాడు గానీ నియమం తప్పి కొట్టాడని అతణ్ని పక్కకు పెట్టి, మోర్తండ్ అనే ఇంకొకణ్ని పంపిస్తారు. కోర్డ్ ఊరుకోడు, తనంతట తానే బయల్దేరతాడు. దారిలో వేణువు పట్టుకుని తిరిగే గుడ్డివాడొకడు తగులుతాడు. ఆ తర్వాత వరసగా పరీక్షలు.

కోర్డ్‌గా జెఫ్ కూపర్, గుడ్డివాడిగా డేవిడ్ క్యారడైన్, జెతాన్‌గా క్రిస్టోఫర్ లీ నటించారు. రోడీ మెక్‌డోవల్, ఎలై వాలాక్ చిన్న వేషాల్లో కనిపిస్తారు. దర్శకుడు రిచర్డ్ మూర్. అసలు వృత్తి ఛాయాగ్రహణం, సినిమా కెమెరాలు, లెన్సులు చేసే పానావిజన్ కంపెనీ స్థాపకుల్లో ఒకరు. షూటింగ్ ఇజ్రాయెల్‌లో జరిగింది. 'ద సైలెంట్ ఫ్లూట్' అన్నా ఇదే సినిమా.

బ్రూస్ లీ సినిమా అని చెప్పి చూపించారు. ఆయన ఎక్కడా కనపడడేం?

ఆలోచన ఆయనదే, సినిమాలో మాత్రం ఆయన లేడు. బ్రూస్ లీ, ఆయన దగ్గర యుద్ధకళ నేర్చుకున్న నటుడు జేమ్స్ కోబర్న్, రచయిత స్టర్లింగ్ సిలిఫాంట్ కలిసి ఈ కథను తయారు చేసుకున్నారు. అన్వేషకుడి పాత్ర కోబర్న్‌కు, గురువుతోపాటు దారిలో ఎదురయ్యే పాత్రలు బ్రూస్ లీకి అనుకున్నారు.

మనకు ఆసక్తి కలిగించేది 1971 నాటి సంగతి. అప్పట్లో హాలీవుడ్ సంస్థలు ఇక్కడ సంపాదించిన రూపాయల్ని బయటికి పట్టుకుపోవడానికి వీల్లేక ఆ డబ్బు ఇక్కడే ఉండిపోయేది. ఆ డబ్బుతో ఇండియాలోనే తీయొచ్చని వార్నర్ బ్రదర్స్ అంటే, ముగ్గురూ లొకేషన్లు చూడ్డానికి ఇక్కడికొచ్చారు. కోబర్న్‌కు స్థలాలు నచ్చలేదు, ప్రయత్నం అక్కడితో ఆగిపోయింది. బ్రూస్ లీ 1973 జులై 20న 32 ఏళ్లకే చనిపోయాడు. ఆ తర్వాత కథను తిరిగి పట్టాలెక్కించి, సిలిఫాంట్, స్టాన్లీ మాన్ పేర్లతో స్క్రీన్‌ప్లే సిద్ధం చేశారు.

అందుకని పోస్టర్ మీద బ్రూస్ లీ పేరు చూసి కూర్చున్నవాళ్లు మొదటి అరగంటలోనే చల్లబడిపోతారు. మీరు ఎవరికైనా చూపిస్తుంటే ఈ సంగతి ముందే చెప్పండి. చెప్పకపోతే తర్వాత వచ్చే సగం అభిప్రాయాలు సినిమా మీద ఉండవు, రాని మనిషి మీద ఉంటాయి.

ఒకడు కళాఖండం అంటాడు, ఇంకొకడు సోది అంటాడు. ఇంత తేడా ఎందుకు?

ఫైట్ల కోసం వచ్చినవాళ్లు తిడతారు, తాత్వికత కోసం వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు అని సులువుగా చెప్పేస్తుంటారు. అభిప్రాయాలు దగ్గర పెట్టుకుని సీన్ల వారీగా చూస్తే లెక్క అలా తేలదు. ఫైట్లు ఇష్టపడేవాళ్లూ వేదాంతం ఇష్టపడేవాళ్లూ ఇద్దరూ ఒకే సీన్లను మెచ్చుకుంటారు, ఒకే సీన్ల దగ్గర విసుక్కుంటారు.

మెచ్చుకునే సీన్లలో నోటితో చెప్పాల్సింది ఒళ్లే చెప్పేస్తుంది. గుడ్డివాడు రౌడీ మూకను కొట్టే మొదటి ఫైట్ చూడండి. క్యారడైన్ ఎవరి మీదికీ దూకడు. వచ్చినవాణ్ని వచ్చినట్టే దారి మళ్లిస్తాడు, తల తిప్పడు, చెవి మాత్రం ఒగ్గి ఉంటాడు. శాంతం గురించి ఒక్క ముక్క మాట్లాడకుండానే శాంతం కనపడుతుంది. పోటీలో కోర్డ్ కొట్టే తీరూ అంతే. బలముంది, కోపముంది, నిగ్రహం లేదు. అతణ్ని ఎందుకు పక్కన పెట్టారో ఎవరూ వివరించనక్కర్లేదు.

విసుక్కునే సీన్లలో ఇది తిరగబడుతుంది. గురువు ఒక పొడుపుకథ విప్పుతాడు, శిష్యుడు అర్థం కాలేదంటాడు, గురువు ఇంకో పొడుపుకథ విప్పుతాడు. కెమెరా ఇద్దరినీ నిలబెట్టి చూస్తుంటుంది. "క్లాసు పీకుతున్నాడు" అన్న మాట పడేది ఇక్కడే. ఆ మాటన్నవాడికి తత్వం అంటే గిట్టదని తీర్పు ఇవ్వకండి. అదే మనిషి గుడ్డివాడి ఫైట్ దగ్గర రెప్ప వేయకుండా చూసి ఉంటాడు.

డబ్బు తక్కువైన సినిమాలో సెట్టు తేలిపోయినా, విగ్గు తెలిసిపోయినా జనం సర్దుకుంటారు. మాట ఒక దారిన, ఒళ్లు ఒక దారిన పోతే సర్దుకోరు. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఇదే.

ఫైట్లు నెమ్మదిగా ఉన్నాయంటారు. నిజంగా నెమ్మదా, మన కళ్లకు అలవాటు తప్పిందా?

రెండూ ఉన్నాయి, కానీ కారణాలు విడివిడిగా చూడాలి.

ఒకటి, మనుషులు. ఇటువంటి ఫైట్‌లో వేగం చేతుల్లో కంటే పాదాల్లో తెలుస్తుంది. జెఫ్ కూపర్ కండలున్న మనిషే. గుద్దేటప్పుడు మాత్రం వెనక మడమ నేల మీదే అతుక్కుని ఉంటుంది, నడుము తిరగదు, దెబ్బంతా భుజం నుంచే వస్తుంది. భుజంతో కొట్టేవాడు ముందు భుజం లేపుతాడు, దాంతో దెబ్బ ఎక్కడికొస్తుందో చూసేవాడికి ముందే తెలిసిపోతుంది. తెలిసిపోయిన దెబ్బ ఎంత వేగంగా వచ్చినా నెమ్మదిగానే ఉంటుంది. మళ్లీ చూసేటప్పుడు ఏదో ఒక ఫైట్‌లో చేతుల్ని వదిలేసి నడుము కింద మాత్రమే చూడండి, తేడా ఇట్టే దొరుకుతుంది.

క్యారడైన్‌కు 'కుంగ్‌ఫూ' టీవీ సీరియల్ 1972లో మొదలయ్యే నాటికి ఆ విద్య రాదు. తర్వాత నేర్చుకున్నాడు. శుద్ధమైన టెక్నిక్ కోసం చూసే కరాటే మాస్టర్లకు ఆయన ఆనడు. అయితే ఆయన నడకలో లయ ఉంది, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారడం కనపడుతుంది. అందుకే ఫైటర్‌గా నచ్చనివాళ్లకు కూడా పాత్రగా నచ్చుతాడు.

రెండోది, కెమెరా. గుద్దు ముఖానికి తగలకుండా జానెడు దూరంలో ఆగాలి. ఆ జానెడు ఖాళీ కనిపించకుండా ఉండాలంటే కెమెరా కొట్టేవాడి భుజం వెనకో, దెబ్బ తినేవాడి వీపు వెనకో ఉండాలి. ఇద్దరికీ పక్కగా పెట్టారంటే ఖాళీ అంతా తెర మీద పరుచుకుంటుంది. ఈ సినిమాలో చాలా షాట్లు దూరం నుంచి, పక్కగా ఉంటాయి. షాట్ల మధ్య కత్తిరింపులు తక్కువ, మనిషి పూర్తిగా కనిపిస్తాడు. నిజాయితీగల పద్ధతే. కాకపోతే ఆ పద్ధతికి ఆరితేరిన ఫైటర్లు కావాలి, లేకపోతే లోపమంతా వెలుగులో పడుతుంది.

హాంకాంగ్ వాళ్లలా కెమెరా వేగం మార్చి ఉంటే సరిపోయేదా?

కొంతవరకు. సెకనుకు 24 ఫ్రేములకు బదులు 22 ఫ్రేములతో తీసి, 24తో ఆడిస్తే కదలిక సుమారు 9 శాతం వేగంగా కనపడుతుంది. చూసేవాళ్లకు పట్టుబడదు. 20కి దించితే 20 శాతం పెరుగుతుంది. అక్కడి నుంచి బట్టలు, జుట్టు, దుమ్ము అసహజంగా ఎగరడం మొదలవుతుంది, హాల్లో నవ్వులు పడతాయి.

కానీ భుజం లేపే అలవాటు వేగం పెంచితే పోదు, ఇంకాస్త వేగంగా లేపినట్టు కనిపిస్తుంది. పైగా గుడ్డివాడి ఫైట్లకు ఈ చిట్కా పెట్టి ఉంటే ఆ నిదానమంతా పాడైపోయేది. అక్కడ వేగం పెంచకపోవడమే మంచిదైంది.

దెబ్బల చప్పుడు తేడాగా ఉంది. మా స్పీకర్ల తప్పా?

పరీక్ష చేయడం తేలికే. మనుషులు మాట్లాడుతున్న సీన్ పెట్టి పెదవులు, మాట కలుస్తున్నాయో లేదో చూడండి. అక్కడ కలిసి, ఫైట్‌లో మాత్రం కలవకపోతే తేడా సినిమాలోనే ఉన్నట్టు. రెండు చోట్లా కలవకపోతే తప్పు మీ పరికరాలది. బ్లూటూత్ స్పీకర్ పెడితే ఇది మరీ ఎక్కువ. ఒక ఫ్రేము అంటే సుమారు 42 మిల్లీసెకన్లు. చప్పుడు మూడు ఫ్రేములు వెనకబడితే తగిలిన దెబ్బ కూడా తగలనట్టే ఉంటుంది. వైరుతో కలపండి.

హీరో ఎవరికీ నచ్చడు. పాత్ర తప్పా, నటుడి తప్పా?

పాత్రను అలాగే రాశారు. కోర్డ్ మూర్ఖుడు, పొగరుబోతు, అడగకూడని చోట అడుగుతాడు. పరీక్షలన్నీ అతని అహంకారం చుట్టూనే అల్లారు కాబట్టి మొదట్లోనే అణకువ ఉంటే కథే లేదు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, అతనిలో వచ్చే మార్పు ముఖంలో కనపడదు. గంట గడిచాక కూడా మొదటి సీన్‌లోని చూపే ఉంటుంది. మార్పు జరిగిందని మాటల ద్వారా తెలుసుకోవాల్సి వస్తుంది. ప్రేక్షకులు "హీరో బాగోలేడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు గానీ, "ఏ సీన్ దగ్గర అతను మారాడనిపించింది?" అని అడిగి చూడండి. ఎక్కువమంది జవాబు కోసం తడుముకుంటారు. ఆ తడబాటే అసలు అభిప్రాయం.

క్యారడైన్ నాలుగు వేషాలు ఎందుకు వేశాడు? డబ్బు మిగల్చడానికా?

గుడ్డివాడు, కోతిమనిషి, మృత్యువు, చాంగ్‌షా అనే సంచార జాతి నాయకుడు, నలుగురూ ఆయనే. బ్రూస్ లీ వేయాలనుకున్న కాలం నుంచి ఉన్న ఏర్పాటిది, కనుక పొదుపు కోసం పెట్టింది కాదు. నేర్పేవాడూ అడ్డుపడేవాడూ ఒకడేనన్నది కథలోని మాట. మేకప్ కింద మనిషిని గుర్తుపట్టనివాళ్లకు ఇది తెలియకుండానే సినిమా అయిపోతుంది. ముందే చెబితే రహస్యం చెడుతుందని కొందరంటారు. మా సలహా, చెప్పేయండి. తెలిసి చూస్తే కోతిమనిషి ఫైట్‌కి ఇంకో అర్థం వస్తుంది.

నూనె గంగాళంలో కూర్చున్న మనిషి సీన్ ఏమిటి? మా వాళ్లు నవ్వారు.

నవ్వడం తప్పేమీ కాదు. ఎడారి మధ్యలో ఒక మనిషి నడుము దాకా నూనెలో పదేళ్లుగా కూర్చుని ఉంటాడు. కామం నుంచి విడుదల కోసం ఒంట్లో కింది సగాన్ని కరిగించేసుకోవాలని అతని ప్రయత్నం. ఎలై వాలాక్ ఆ వేషాన్ని ఎంతో మామూలుగా, పక్కింటాయన కబుర్లు చెబుతున్నట్టు చేశాడు. సినిమా మొత్తంలో ఎక్కువమందికి గుర్తుండిపోయే సీన్ ఇదే. ఒక మనిషి, ఒక గంగాళం, ఇసుక తప్ప ఇంకేమీ లేదు. ఖర్చు లేకుండా తత్వం చెప్పడమెలాగో నేర్చుకోవాలనుకునేవాళ్లు ఈ నాలుగైదు నిమిషాల్ని పదేపదే చూడాలి. విరక్తి పేరుతో ఒంటిని హింసించుకోవడం మీద మన తత్వాల్లోనూ యోగుల పాటల్లోనూ ఉన్న ఎత్తిపొడుపే ఇక్కడా ఉంది. అందుకే తెలుగువాళ్లకు ఇది చప్పున అందుతుంది.

గుడ్డివాడు పడవ పాడుచేయడం, పిల్లవాణ్ని కొట్టడం ఎక్కడో విన్నట్టుంది?

పాతబస్తీలో ఈ సినిమా చూపిస్తే ఈ ప్రశ్న అడగకుండానే జవాబు వస్తుంది. ఖురాన్‌లో 18వ సూరా (అధ్యాయం), అల్ కహ్ఫ్. చాలామంది శుక్రవారం నాడు చదువుకునేది. అందులో మూసా ప్రవక్త ఒక జ్ఞానితో ప్రయాణం చేస్తాడు. ఆయన్ను ఖిజర్ అని సంప్రదాయం పిలుస్తుంది. ప్రశ్నలు అడగకూడదన్నది షరతు. జ్ఞాని పడవకు చిల్లు పెడతాడు, ఒక బాలుడి ప్రాణం తీస్తాడు, అన్నం పెట్టని ఊళ్లో కూలబోతున్న గోడను నిలబెడతాడు. మూసా ప్రతిసారీ ఉండబట్టలేక అడుగుతాడు. చివర్లో కారణాలు తెలుస్తాయి.

సినిమాలో పడవ, బాలుడు రెండూ ఉన్నాయి. బాలుడి ప్రాణం తీయడం మాత్రం లేదు, అందగాణ్నని మురిసిపోయే పిల్లవాడి ముక్కు పగలగొడతాడు. ఈ మూలం తెలిసినవాళ్లకు ఈ భాగం బరువుగా తగులుతుంది. తెలియనివాళ్లకు గుడ్డివాడు అకారణంగా క్రూరుడనిపిస్తాడు. ఇక్కడ పాత కథ బలం ఎంతో, సినిమా బలం ఎంతో విడదీసి చూడాలి. సూరాలో కారణాలన్నీ ఒక్కసారిగా, విడిపోయే ఘడియలో బయటపడతాయి. సినిమాలో వివరణ సంభాషణలో కలిసిపోయి వస్తుంది కాబట్టి ఆ విసురు తగ్గింది.

క్లైమాక్స్‌లో ఫైట్ లేదేమిటి? (ముగింపు ఇక్కడ చెప్పేస్తున్నాం.)

తిట్లు ఎక్కువగా పడేది దీనికే. క్రిస్టోఫర్ లీ పేరు చూసినవాళ్లు ఆఖర్న ఆయనతో భీకరమైన పోరు ఉంటుందని కాచుకుని కూర్చుంటారు. ఏమీ ఉండదు. జెతాన్ మర్యాదగా పుస్తకం చేతిలో పెడతాడు. తెరిస్తే ప్రతి పుటా అద్దమే. కోర్డ్ తన మొహమే చూసుకుంటాడు, నవ్వుతాడు, వెళ్లిపోతాడు.

"దీని కోసమా ఇంతసేపు కూర్చోబెట్టావ్" అనేవాళ్లకు, "ఇంకేముండాలి" అనేవాళ్లకు మధ్య వాదన ఎంతసేపైనా నడుస్తుంది. మా మాట ఇది: వెతికేది నీలోనే ఉందని మనకు చిన్నప్పట్నుంచి చెబుతూనే ఉన్నారు కాబట్టి అద్దం మనకు కొత్త కాదు, ఆశ్చర్యమూ కాదు. ఫైట్ లేకపోవడం మాత్రం సరైన పనే. దారి పొడుగునా కొట్టుకుంటూ వచ్చినవాడు చివరికి కొట్టడానికి ఎవరూ లేని చోటికి చేరాడు. ఆ ఘట్టాన్ని మాటలు లేకుండా వదిలి ఉంటే బాగుండేది. పుస్తకాన్ని కాపాడే పని నువ్వు తీసుకో అన్న సంభాషణ దాన్ని కొంత పల్చన చేసింది.

వెదురు వేణువుతో నిజంగా అలా కొట్టవచ్చా?

మామూలు వేణువుతో కొట్టలేం. వాయించే వేణువుకు గోడ పల్చగా ఉండాలి, రెండు మూడు మిల్లీమీటర్లు. కణుపు దగ్గర తప్ప లోపలంతా బోలు. పైగా వరసగా బెజ్జాలు. వెదురు పీచు నిలువుగా ఉంటుంది కాబట్టి దెబ్బ పడితే చీలిక ఒక బెజ్జం నుంచి ఇంకో బెజ్జానికి నిలువునా పాకుతుంది. కర్రసాముకు బోలు లేని గట్టి వెదురు వాడేది అందుకే.

సినిమాలో క్యారడైన్ చేతిలో ఉన్నది పొడుగ్గా, లావుగా ఉండే వెదురు. దాన్ని ఆయనే చేసుకున్నాడు. పాతికేళ్ల తర్వాత 'కిల్ బిల్' సినిమాలోనూ అదే పట్టుకున్నాడు. మీరు ప్రదర్శన కోసం ఇలాంటిది చేయించుకుంటే రెండు చేయించండి, ఒకటి వాయించడానికి, ఒకటి బెజ్జాలు నల్లరంగుతో చుక్కలుగా మాత్రమే పెట్టి ఫైట్‌కు. వాయించేదాన్ని ఫైట్‌లో వాడితే చీలిన వెదురు అంచు బ్లేడులా కోస్తుంది. ఎదుటివాడి మణికట్టు దగ్గర మరీ ప్రమాదం.

సెట్లు, బట్టలు చవగ్గా ఉన్నాయని మా పిల్లలు వెక్కిరించారు.

విఠలాచార్య జానపదాలు చూసి పెరిగినవాళ్లెవరూ వెక్కిరించరు. తక్కువ డబ్బుతో లేని లోకాన్ని నమ్మించడం మనకు బాగా తెలిసిన విద్యే. కాంతారావు కత్తి తిప్పుతుంటే వెనక ఉన్నది అట్టకోట అని తెలిసీ చూశాం. ఇక్కడైతే రాళ్లు, శిథిలాలు, ఎడారి, సముద్రం అన్నీ నిజమైనవే. రిచర్డ్ మూర్ కెమెరామన్ కాబట్టి పగటి వెలుగును బాగా వాడుకున్నాడు. బట్టలు, కోతిమనిషి మేకప్ దగ్గరే తేలిపోయింది.

కరాటే క్లాసు పిల్లలకు చూపించవచ్చా?

వద్దు. నగ్నత్వం ఉంది, ఒక స్త్రీని శిలువ వేసినట్టు చూపే ఘట్టం ఉంది. పెద్దవాళ్లకు మాత్రమే. పిల్లలకు తత్వం నేర్పాలంటే మాస్టరు వంగి నమస్కారం చేసే పద్ధతే చాలు.

హైదరాబాద్‌లో ఇరవై ముప్ఫై మందితో కలిసి చూడాలంటే?

ముందు హక్కుల సంగతి. బహిరంగంగా ప్రదర్శించాలంటే హక్కుదారు అనుమతి కావాలి, 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. డిస్కు కొన్నంత మాత్రాన ఆ హక్కు రాదు. ఇంట్లో స్నేహితులతో చూడడం వేరు, పోస్టర్ వేసి పిలవడం వేరు. బంజారాహిల్స్‌లోని లామకాన్ వంటి సాంస్కృతిక వేదికల్లోనైనా, ప్రివ్యూ థియేటర్ అద్దెకు తీసుకున్నా, ఈ కాగితాలు చూసుకున్నాకే తేదీ వేయండి.

గది మసకగా ఉంటే సరిపోదు, పూర్తిగా చీకటి కావాలి. రాత్రి సీన్లు, గుహ సీన్లు ఉన్నాయి. వందంగుళాల తెరకు 2,500 నుంచి 3,000 ల్యూమెన్ల ప్రొజెక్టరు చాలు, అంతకంటే ముఖ్యం కిటికీలకు నల్లగుడ్డ. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు తప్పనిసరిగా పెట్టండి. పొడుపుకథల మాటలు ఒకసారి వింటే పట్టుకోవడం కష్టం, మాట జారిపోతే సినిమా మొత్తం సోదిగా తోస్తుంది. నిడివి గంటా నలభై నిమిషాల పైచిలుకు. మధ్యలో టీ బ్రేక్ ఇవ్వకండి. ఇస్తే జనం అప్పుడే అభిప్రాయాలు పంచేసుకుంటారు, రెండో సగం ఆ కళ్లతోనే చూస్తారు.

చూసినవాళ్ల అభిప్రాయాలు సరిగ్గా ఎలా తీసుకోవాలి?

లైట్లు వేయగానే "ఎలా ఉంది?" అని అడిగితే మొదట గట్టిగా మాట్లాడినవాడి మాటే అందరి మాట అయిపోతుంది. పెద్దాయనెవరైనా "బాగుంది" అంటే కుర్రాళ్లు నోరెత్తరు. కాబట్టి ముందు రాయించండి, తర్వాత మాట్లాడించండి. అరపేజీ కాగితం, పెన్ను సీట్లో ముందే పెట్టి ఉంచాలి, పేరు రాయమనకూడదు, పది నిమిషాలు నిశ్శబ్దంగా వదలాలి. కాగితాలు చేతికొచ్చాకే చర్చ.

స్టార్లు, మార్కులు అడగకండి. పదికి ఆరు అని రాసినవాడికి ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో ఆ అంకె చెప్పదు. ఏ సీన్ కళ్లముందు నిలిచింది, ఏ సీన్ దగ్గర ఫోను చూడాలనిపించింది, ఏ ఫైట్ ఎందుకు జరుగుతోందో అర్థం కాలేదు, ఈ మూడూ చాలు. నాలుగో ప్రశ్నగా ఏదైనా యుద్ధకళ నేర్చుకున్నారా లేదా అని అడగండి. ఆ సమాధానాన్ని బట్టి కాగితాలు రెండు కట్టలుగా వేరుచేయాలి. కుస్తీ తాలీంలో మట్టి తిన్నవాడు "పట్టు లేదు" అంటే సాంకేతికమైన మాట, సినిమాలు మాత్రమే చూసేవాడు అంటే ఎడిటింగ్ మీద మాట. రెండూ ఒకే కట్టలో కలిస్తే అర్థం చెడుతుంది.

ఒక మనిషి వెనక వరసలో కూర్చుని ఫోన్ వెలుగులు ఎప్పుడు ఎక్కువయ్యాయో నిమిషాలతో రాసుకుంటే ఇంకా మంచిది. కాగితం మీద మర్యాద కోసం రాయనిది అక్కడ దొరుకుతుంది. గురువు శిష్యుల మాటల దగ్గర వెలుగులు వస్తాయి, నూనె గంగాళం దగ్గర ఆరిపోతాయి.

మేమూ ఇలాంటి షార్ట్ ఫిల్మ్ తీయాలనుకుంటున్నాం. ఈ అభిప్రాయాల నుంచి ఏం తీసుకోవాలి?

ముందు మీ స్క్రిప్టులో తత్వం చెప్పే డైలాగులన్నీ కొట్టేసి, మిగిలిన ఫైట్ చూసి అదే అర్థం వస్తుందేమో ఫైట్ మాస్టర్‌ను అడగండి. రాకపోతే డైలాగు తిరిగి పెట్టకండి, ఫైట్ మార్చండి. అహంకారం గురించి అయితే, గెలిచినవాడు ఆ తర్వాత ఏం చేస్తాడో చూపే ఒక్క కదలిక కావాలి. పడ్డవాడికి చేయి అందిస్తాడా, తలమీదుగా దాటిపోతాడా, అంతే.

నటుణ్ని తీసుకునేటప్పుడు కండలు చూడకండి, మెట్లు దిగమనండి. బరువు తెలిసి దిగేవాడికి ఫైట్ నేర్పొచ్చు. నిమిషం ఫైట్‌కు కనీసం వారం రిహార్సల్ పెట్టుకోండి. మొదటి మూడు రోజులు సగం వేగంతో దూరాలు మాత్రమే. పడే సీన్లకు కరాటే క్లాసుల్లోని 20 మిల్లీమీటర్ల మ్యాట్ చాలదు, 40 మిల్లీమీటర్లది తెచ్చుకోండి. దాని మీద మట్టి చల్లితే మ్యాట్ కెమెరాకు కనపడదు, కానీ కాలు జారుతుంది. మట్టికి బదులు అదే రంగు గోనెగుడ్డ పరిచి అంచులు టేపుతో అతికించండి.

ట్యూబులైట్ల కింద తీస్తే కెమెరా షట్టరు వేగం సెకనులో 50వ వంతో, 100వ వంతో ఉండాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వేరేది పెడితే తెర మినుకుమంటుంది. ఫైట్‌కు 100వ వంతు మేలు, చేతులు అలుక్కుపోకుండా తెగి కనపడతాయి.

లొకేషన్‌కు ఖాజాగూడ వైపు రాళ్ల గుట్టలు అందరికీ గుర్తొస్తాయి. వేసవిలో ఆ రాయి పది గంటలకే కాలిపోతుంది, ఉత్త కాళ్లతో ఫైట్ పెట్టుకుంటే పొద్దున్న ఆరున్నర నుంచి తొమ్మిది లోపే ముగించాలి. వానాకాలంలో నాచు పట్టి జారుతుంది, అప్పుడు ఆ గుట్టల మీద ఫైటే వద్దు. గోల్కొండ కోటలో తీయాలంటే భారత పురావస్తు శాఖ అనుమతి తప్పదు. కెమెరా స్టాండు చూడగానే గేటు దగ్గరే ఆపేస్తారు.

ఒక్కసారి చూస్తే చాలా?

నచ్చనివాళ్లకు చాలు. సగం నచ్చి సగం నచ్చనివాళ్లు మాత్రం కొన్నాళ్లు ఆగి, ధ్వని పూర్తిగా తీసేసి గుడ్డివాడి మొదటి ఫైట్‌నూ కోతిమనిషి ఫైట్‌నూ వెంటవెంటనే చూడండి. ఒకే నటుడు రెండు రకాల బరువుతో ఎలా కదిలాడో అప్పుడు తెలుస్తుంది. ముందు రాసిన కాగితం తీసి, మార్చాలనిపిస్తే మార్చండి.